పాత ల్యాప్‌టాప్‌ని పారేయకండి! లినక్స్ మింట్ వేసుకుందాం రండి

ఇవాళ్టి ఎపిసోడ్ ఇంట్లో ఓ మూల దుమ్ము పట్టి ఉన్న ల్యాప్‌టాప్ గురించి. చార్జింగ్ పెడితే ఆన్ అవుతుంది, కానీ విండోస్ లోడ్ అయ్యేలోపు మనం టీ తాగి రావచ్చు. "ఇది ఇక పనికిరాదు, కొత్తది కొనాలి" అని ఇంట్లో అంటుంటారు. ఆ ఖర్చు పెట్టేముందు ఈ వీడియో చూడండి.

ముందు అసలు సమస్య ఏంటో చెప్తా. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. కంప్యూటర్ ఆగిపోదు, రోజూలాగే పనిచేస్తుంది. కానీ అదనపు అప్‌డేట్ల కోసం విడిగా నమోదు చేసుకుంటే తప్ప సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. అదే మెషీన్‌లో నాన్నగారు బ్యాంక్ సైట్ ఓపెన్ చేస్తారు. రిస్క్ ఎక్కడుందో అర్థమైంది కదా. పోనీ విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంటే బాగా నడిచే మెషీన్లు కూడా బయటే ఉండిపోతాయి.

ఇక్కడే లినక్స్ మనకి పనికొస్తుంది. లినక్స్ అంటే నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టడమేనని భయపడకండి. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, దాని లోపల నడిచేది లినక్స్ కెర్నలే. 1991లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టాడు. అంటే అప్పటికి మనలాంటి కుర్రాడే అన్నమాట.

కొత్తవాళ్లకి నేను చెప్పేది లినక్స్ మింట్. కింద బార్, మూలన మెనూ, విండోస్ అలవాటు ఉన్నవాళ్లకి వెంటనే చేతికొస్తుంది. పైసా ఖర్చు లేదు. 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. కనీసం 2 జీబీ ర్యామ్ చాలు, 4 ఉంటే హాయిగా ఉంటుంది. ర్యామ్ తక్కువైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, పర్లేదు అనుకుంటే సినమన్ ఎడిషన్ తీసుకోండి. ఒక మాట ఉన్నది ఉన్నట్టు చెప్తా. లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే లినక్స్ వేసినా కొంత నెమ్మదిగానే ఉంటుంది. వీలైతే చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్. బ్యాకప్! అక్క పెళ్లి ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, అన్నీ బయట హార్డ్ డిస్క్‌లోకో క్లౌడ్‌లోకో కాపీ చేయండి. కాపీ చేశాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ అయ్యిందనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు. ఆపరేటింగ్ సిస్టమ్ ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు, పోయిన ఫోటో మళ్లీ రాదు.

విండోస్‌ని కూడా ఉంచుకోవాలనుకుంటే ఇంకో రెండు పనులు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ రాసి పెట్టుకుని, దాన్ని ఆఫ్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆఫ్ చేయండి.

ఇక పని మొదలుపెడదాం. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, గుర్తుపెట్టుకోండి. మింట్ అధికారిక సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే బూట్ అవ్వకపోవచ్చు. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో రాగానే ఎఫ్12 కానీ, ఎఫ్9 కానీ, ఎస్కేప్ కానీ నొక్కండి. ఏ కీ అన్నది మీ మోడల్‌ని బట్టి ఉంటుంది. వచ్చిన లిస్ట్‌లో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి.

మింట్ డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఇది ఇంకా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీ డిస్క్‌ని ముట్టుకోలేదు. తొందరపడకండి. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్, అన్నీ చెక్ చేయండి. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా నెట్ వచ్చేస్తుంది. ఏదీ నచ్చలేదా? షట్‌డౌన్ చేసి పెన్‌డ్రైవ్ తీసేయండి, మీ విండోస్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

అంతా బాగుంటేనే డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. భాష, కీబోర్డ్ అడిగాక ఒక పేజీ వస్తుంది. అక్కడ ఆగి చదవండి. "అలాంగ్‌సైడ్" అని ఉన్నది విండోస్ పక్కనే లినక్స్ పెడుతుంది. "ఎరేజ్ డిస్క్" అని ఉన్నది మొత్తం డిస్క్‌ని చెరిపేస్తుంది, సీ డ్రైవ్ ఒక్కటే కాదు, డీ డ్రైవ్ కూడా. ఈ రెండు మాటల తేడా తెలియకుండా నెక్స్ట్ నొక్కొద్దు. చార్జర్ పెట్టే ఉంచండి. తర్వాత టైమ్ జోన్ కోల్‌కతా, పేరు, పాస్‌వర్డ్, అంతే. కాసేపట్లో అయిపోతుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక అప్‌డేట్ మేనేజర్ నడపండి. టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ తీసుకోండి, సిస్టమ్ సెట్టింగ్స్ ఏవైనా చెడితే వెనక్కి వెళ్లొచ్చు. కీబోర్డ్ లేఅవుట్స్‌లో తెలుగు యాడ్ చేస్తే తెలుగు టైపింగ్ కూడా రెడీ.

ఇప్పుడు ఎవరు వేసుకోకూడదో కూడా చెప్పాలి. వాలరెంట్ ఆడేవాళ్లకి ఇది కుదరదు. ఫోటోషాప్, డెస్క్‌టాప్ ఎంఎస్ ఆఫీస్ నేరుగా రావు. లిబ్రే ఆఫీస్ ఉంది కానీ పెద్ద ఎక్సెల్ మాక్రోలుంటే ఇబ్బందే. స్టూడెంట్స్ ముఖ్యంగా వినండి. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటి పరీక్షల సాఫ్ట్‌వేర్‌కి లినక్స్ వెర్షన్ లేదు. సెమిస్టర్ ఆన్‌లైన్ పరీక్షలు ఆ ల్యాప్‌టాప్‌లోనే రాయాలంటే విండోస్‌ని ఉంచుకోండి. అమ్మానాన్నల కంప్యూటర్ అయితే వాళ్లని అడిగే వేయండి. వాళ్లు వాడే ప్రింటర్, షాపు లెక్కల సాఫ్ట్‌వేర్ పనిచేస్తాయో లేదో ముందే చూసుకోవాల్సింది మనమే.

బ్రౌజింగ్, యూట్యూబ్, చదువు, కోడింగ్ ప్రాక్టీస్, ఇవే మీ అవసరాలైతే ఆ పాత ల్యాప్‌టాప్ ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది. ఇంట్లో తమ్ముడికో చెల్లికో మొదటి కంప్యూటర్ అదే కావచ్చు. ఈ ఆదివారం ఇన్‌స్టాల్ చేయకపోయినా సరే, బ్యాకప్ మాత్రం తీసేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో మింట్‌లో పైథాన్ సెటప్ చూద్దాం. ఉంటా మరి, బై!