పెండ్లి పందిరిలో ఛాయాగ్రాహకుడు



ఈ సాయంకాలము నేను మనవి చేయదలచినది పెండ్లింట అందఱును పిలుచువాడే గాని, ఎవ్వరును కుశలమడుగని యొక పనివానిని గూర్చి. పురోహితునకు సంభావన గలదు. మేళగాండ్రకు బహుమానము గలదు. వంటవారికి మెప్పు గలదు. ఛాయాగ్రాహకునకో, "ఇటు తీయుము, అటు తీయుము" అను ఆజ్ఞలే గలవు. నేను ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను. నా శిష్యుడొకడు కోనసీమలో ఈ వృత్తి నవలంబించి యున్నాడు. అతని వెంట కొన్ని పెండ్లిండ్లకు పోయి, విని కనుగొన్న సంగతులివి.

ఈ విద్య 1839 లో ఫ్రాన్సు దేశమున లోకమునకు వెల్లడియైనది. మన హైదరాబాదులో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున రాజా దీన్ దయాళ్ అను నాతడు ఇందు మిక్కిలి పేరొందెను. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట నిలువరు గనుక, ఆయన 1892 లో వారికై వేఱుగ నొక చిత్రశాలను తెఱచి, అందు స్త్రీచేతనే చిత్రములు తీయించెను. మా తల్లికి ఘోషా లేదు. కాని ఛాయ తీయించుకొన్న ఆయువు తఱుగునని ఆమె నమ్మకము. కెమెరా కనబడినంతనే వంటయింటిలోనికి పోయెడిది.

1985 లో నా వివాహమైనది. నాటి మా ఛాయాగ్రాహకుని ఫిలుము చుట్టకు పండ్రెండు చిత్రములే. మాకు రెండు చుట్టలకు బేరము కుదిరెను. పెండ్లి యంతయు ఇరువదినాలుగు చిత్రములలో ఇమడవలెను. కడపటిదానిని వియ్యాలవారి గుంపునకై యుంచుమని మా పినతండ్రి ముందే హెచ్చరించెను. తలంబ్రాల వేళ మా తల్లి కెమెరా మాట మఱచి, పందిరిరాట చాటున నిలిచి, నోటికి కొంగడ్డము పెట్టుకొని నవ్వెను. ఛాయాగ్రాహకుడు ఆ కడపటి చిత్రమును అటు త్రిప్పి తీసెను. మావారు మండిపడి, చెప్పని చిత్రమునకు వెల యీయమని సొమ్ములో కోత పెట్టిరి. నేను పెండ్లికుమారుడనై యుండియు నోరు మెదపలేదు. మా తల్లి 1991 లో కాలము చేసెను. ఆమె రూపము మాకు మిగిలినది ఆ చిత్రమునందే. తరువాత ఎంత వెదకినను ఆ పనివాని జాడ తెలియలేదు. ఆ బాకీ నేటికిని నా మీదనే యున్నది.

నేడు చుట్టలు లేవు, లెక్కయు లేదు. ఒక్క పెండ్లికి వేలకొలది చిత్రములు తీయుదురు. కాని వేఱొక చిక్కు పుట్టినది. నేను పోయిన యొక పెండ్లిలో, సరిగా సుముహూర్తమునకు తెర తొలగి, వధూవరులు జీలకఱ్ఱ బెల్లము నుంచుకొనిరి. కెమెరా పట్టినవాడు తనకు చిక్కలేదనియు, మఱల నుంచుడనియు కోరెను. తెర మఱల ఎత్తిరి. నా శిష్యునితో ఈ మాట చెప్పగా అతడిట్లనెను: "అయ్యవారూ, తెర తొలగిన తొలిచూపు ఒక్కటే. రెండవమారు వారు చూచునది నన్ను, ఒకరినొకరు కాదు. చిక్కనిచో తప్పు నాదే. ముహూర్తమునకేమి పాపము?"

అతడు ఏ యూరికి పోయినను మొదట పురోహితుని దర్శించి కార్యక్రమము నడిగి తెలిసికొనును. ఆచారములు అన్నిచోట్ల నొక్కతీరు గావు. తెలంగాణమున ఎదుర్కోళ్ల సందడి యెక్కువ. తమిళ బ్రాహ్మణుల యిండ్ల మేనమామలు వధూవరులను ఎత్తుకొని మాలలు మార్పింతురు. ఊయల మీద కూర్చుండబెట్టి పాటలు పాడుదురు. తెలియనివాడు అచ్చట తెల్లబోవును. రాత్రి యంతయు రైలులో నిద్ర లేక వచ్చి, తెల్లవాఱుజాము లగ్నమునకు నిలిచి, అందఱి భోజనములైన పిదప చల్లారిన విస్తరి ముందు కూర్చుండుట ఆ వృత్తిలో సామాన్యమట. పగటి పెండ్లిలో అరుంధతిని చూపు పురోహితుని వ్రేలును, తల యెత్తిన వధువు ముఖమును తాను పట్టగలననియు, నక్షత్రమును మాత్రము వారి నమ్మకమునకే విడిచెదననియు అతడు నవ్వుచు చెప్పును.

గ్రామపెద్దలకు నా విన్నపములు మూడు. కెమెరా కొఱకు ముహూర్తమును ఆపనీయకుడు. ఆ పనివానికి బంతిలోనే విస్తరి వేయింపుడు. ఫోనులో నున్నవి ఫోనుతోనే పోవును గావున, పది చిత్రములనైన కాగితముపై అచ్చు వేయించి, వెనుక పేర్లును సంవత్సరమును వ్రాసి యుంచుడు. అందొకటి పందిరిరాట చాటున నిలిచినవారిది కానిండు.

సెలవు.