లెక్కలోకి రాని పరుగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుతోపాటు ఆటల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఆటలు ఒంటికి మంచివని చెప్పడానికి నేనెందుకు? ఆ మాట మన డ్రిల్ సారు బెత్తం పట్టుకుని ఏనాడో చెప్పారు. నేను చెప్పేది వేరు. మన పిల్లలు ఈ బడి దాటి, ఇంటర్ దాటి, యూనివర్సిటీ గడప తొక్కాక వాళ్ల పరుగు ఏమవుతోంది? స్వర్ణోత్సవ నిధి దేనికి ఖర్చు పెట్టాలన్న చర్చ సాయంత్రం ఉంది. అందుకే ఈ సంగతి ఇప్పుడే మీ చెవిన వేస్తున్నాను.

నాకన్నా ఒక క్లాసు పైన ఒకాయన ఉండేవాడు. మనూరివాడే. వేకువజామున పెనకచెర్ల డ్యాం రోడ్డు మీద చెప్పుల్లేకుండా పరిగెత్తేవాడు. డిగ్రీలో చేరాక కాలేజీల మధ్య పోటీల్లో 5,000 మీటర్లు గెలిచి యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యాడు. అక్కడినుంచి పై పోటీలకు పోవాలంటే ఒక ఫారం నింపాలి. పుట్టిన తేదీ, ఇంటర్ పాసైన సంవత్సరం, చదువుతున్న కోర్సు, ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర. అంతే. ఆ ఫారం కాలేజీలో ఏదో బల్ల మీద ఉండిపోయింది. గడువు దాటిపోయింది. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆ ఏడు అక్కడ ఫిజికల్ డైరెక్టర్ పోస్టు ఖాళీ. ఆ పని ఒక లెక్చరర్‌గారి నెత్తిన వేశారు. ఆయనకు గడువనేది ఒకటుందనే తెలియదు. మావాడు మళ్లీ పరిగెత్తలేదు. ఆయన ఈ సభలోనే వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పొద్దని పొద్దున్నే నాతో ఒట్టు వేయించుకున్నాడు.

యూనివర్సిటీ ఆటలంటే మైదానమూ, కప్పులూ, పేపర్లో ఫొటోనూ అనుకుంటాం. నిజానికి అందులో సగం పని ఆఫీసులో జరుగుతుంది. మనకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అనంతపురంలోనే రెండు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలున్నాయి. 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ ఒకటి, 2008లో విడిగా విశ్వవిద్యాలయమైన జేఎన్టీయూ అనంతపురం రెండోది. మన పిల్ల బీఎస్సీలో చేరితే మొదటిదాని జట్టు, బీటెక్‌లో చేరితే రెండోదాని జట్టు. రెండింటికీ వాటి వాటి క్రీడా విభాగాలు, వాటి వాటి పోటీల తేదీలు. అనుబంధ కాలేజీలన్నీ కలిసి పోటీ పడతాయి. అందులోనుంచి జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టును భారత విశ్వవిద్యాలయాల సంఘం జరిపే పోటీలకు పంపుతారు. 1925లో పుట్టిన ఆ సంఘం ఏటా ఏ పోటీని ఏ యూనివర్సిటీ జరపాలో నిర్ణయిస్తుంది. కొన్ని ఆటల్లో ముందు జోన్ స్థాయిలో నెగ్గాలి. 17 నిండి 25 దాటని విద్యార్థులకే అవకాశం.

ఆ వయసు చూడండి. బడి పోటీలు అప్పటికి అయిపోయి ఉంటాయి. మన దగ్గర క్లబ్బులు ఎక్కడున్నాయి? శనక్కాయ పండని ఏడు బూట్లు కొనివ్వగలిగే ఇల్లు ఎన్ని? అలాంటి పిల్లకు తెరిచి ఉండే తలుపు యూనివర్సిటీ జట్టు ఒక్కటే. పతకం రాకపోయినా, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో పాల్గొన్న సర్టిఫికెట్‌కు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో విలువ ఉంది. ఫారం పోతే పోయేది పరుగు మాత్రమే కాదు.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఇది అందరికీ తెలిసినమ్మాయి గురించి. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. ఆమె సమయం 13.03 సెకన్లు. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38. దాన్ని సెకనులో మూడో వంతుకు పైగా దాటేసింది. కానీ అది రికార్డు కాలేదు. ఆ పోటీలో ఆమెకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్ష జరగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా అక్కడ లేరు. పిల్ల తప్పు ఏమీ లేదు.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09 పరిగెత్తింది. ఈసారి వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన 2.0 దాటకూడదంటుంది. అదీ పోయింది. మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తితే జాతీయ రికార్డు అన్నారు. మూడింటిలో నెమ్మదైన పరుగే లెక్కలోకి వచ్చింది!

నేను ఇంజినీరును కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. గాలి కొలిచే మీటరును గీతకు 50 మీటర్ల దూరంలో, నేలనుంచి 1.22 మీటర్ల ఎత్తున పెట్టాలి. ఈ పరుగుకు తుపాకీ పేలినప్పటినుంచి 13 సెకన్లపాటు కొలవాలి. ఉరవకొండ వైపు గాలిమరలు తిరిగే నేల మనది. ఆ పరికరం లేకుండా మన మైదానంలో ఎవరు ఎంత బాగా పరిగెత్తినా అది నోటిమాటే. కొలవని నీళ్లకు డ్యాంలో లెక్క ఉండదు కదా, అట్లాగే.

అదే జ్యోతి 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 పరిగెత్తి కాంస్యం తెచ్చింది. అది కొత్త జాతీయ రికార్డయింది. అదీ విద్యార్థుల పోటీనే. అక్కడ పరీక్ష జరిగే ఏర్పాటుంది, గాలి కొలిచే ఏర్పాటుంది.

అమెరికాలో మన వాళ్ల పిల్లలు చదివే ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటలకు ఒక డైరెక్టరు, ఆయన కింద పెద్ద కార్యాలయం, విడిగా బడ్జెట్, స్కాలర్‌షిప్పులు ఉంటాయి. ఫుట్‌బాల్ టికెట్లు, టీవీ డబ్బే వాటికి ఇంధనం. ఆ స్టేడియాలు మనకు పొసగవు, ఆ డబ్బు గొడవా వద్దు. కానీ 1972లో వాళ్లు తెచ్చుకున్న టైటిల్ నైన్ చట్టం సర్కారు సొమ్ము తీసుకునే చదువుల్లో ఆడపిల్లల పట్ల వివక్ష కూడదంది. అది ఆటలకూ వర్తించింది. దాని గురించి మాత్రం మనం ఆలోచించాలి. మన బడి 800 మీటర్లలో గెలిచిన అమ్మాయిల్లో ఎంతమంది కాలేజీ జట్టులో కనబడ్డారో మనలో ఎవరికైనా తెలుసా? నాకు తెలియదు.

మైదానాల కొరత అని అనడానికి కూడా లేదు. అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల క్రీడా గ్రామం ఉంది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. ఊరికీ ఆ మైదానానికీ, ఆ మైదానానికీ యూనివర్సిటీకీ మధ్య మనిషి లేడు. అదీ కొరత.

సాయంత్రం చర్చలో ప్రవేశద్వారం దగ్గర ఆర్చి కట్టాలన్న ప్రతిపాదన ఉంది. నేను సివిల్ ఇంజినీరును, ఆర్చి వద్దని నేనెందుకంటాను? డ్రాయింగు నేనే ఉచితంగా వేసిస్తాను. కానీ కొంచెం చిన్నది కట్టుకుందాం. మిగిలిన డబ్బుతో ఒక పార్ట్‌టైం మనిషిని పెట్టుకుందాం. మన బడి నుంచి బయటికి పోయిన ఆటగాళ్లు ఏ కాలేజీలో ఉన్నారు, వాళ్ల యూనివర్సిటీ పోటీలు ఎప్పుడు, ఫారం గడువు ఎప్పుడు, సంతకం అయిందా లేదా అని ఫోన్ చేసి కనుక్కోవడమే ఆయన పని. బస్సు చార్జీలు, బూట్లు కూడా అందులోనుంచే. ప్రిన్సిపాల్ గది ముందు గంటసేపు నిలబడే ఓపిక ఉన్నవాడు కావాలి. రిటైరైన సార్లలో ఎవరైనా ముందుకొస్తే ఇంకా మేలు.

ఒక నోటు పుస్తకం తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. మొదటి పేజీలో ఇద్దరమ్మాయిలు, ఒక అబ్బాయి పేర్లు ఉన్నాయి. ముగ్గురూ ఈ ఏడు డిగ్రీలో చేరినవాళ్లే. నాలుగో పేరు మీలో ఎవరికైనా తెలిస్తే భోజనాలకు లేవకముందే రాయండి. పెన్ను కూడా అక్కడే ఉంది.