రొయ్య ఎక్కిన ఓడలో మన కూలి ఎక్కడుంది?

(మోపిదేవిలో కూలి అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల కూడికలో మేం మాట్లాడిన మాటల పాఠం)



ఇవాళ అమెరికాతో మన దేశానికున్న వ్యాపారం గురించి మాట్లాడదామని వచ్చాం. ఇందాక ఒక పెద్దమ్మ అడిగింది: "అమెరికా సంగతి మనకెందుకయ్యా, ఎల్లుండి షెడ్డులో పనుందో లేదో చెప్పండి" అని. పెద్దమ్మ అడిగిందే అసలు ప్రశ్న. ఎల్లుండి పనుందో లేదో వాషింగ్టన్‌లో తేల్చే రోజులొచ్చాయి. అందుకే మాట్లాడాల్సి వస్తోంది.

జరిగిందేంటో వరసగా చెప్పుకుందాం. 2025 ఆగస్టు 7 నుంచి మన దేశపు సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. ఆగస్టు 27 నుంచి ఇంకో 25. మొత్తం 50. రొయ్యల మీద అంతకు ముందునుంచీ ఉన్న డంపింగు సుంకం దీనికి అదనం. మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యకు మాత్రం అప్పట్లో 15 శాతమే. 2023-24లో మన దేశం అమ్మిన చేపలు, రొయ్యలు, ఇతర సముద్ర సరుకు విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో రొయ్యదే పెద్దవాటా. ఆ రొయ్యకు అమెరికాయే పెద్ద బేరగాడు. ఆ ఏడు అమెరికా ఒక్కటే మన దగ్గర 2,97,571 టన్నుల రొయ్య కొన్నది. ఆ రొయ్యలో సింహభాగం మన ఆంధ్ర చెరువులదే.

సుంకం పడగానే ఏమైంది? ఎగుమతిదారు కౌంటు ధర దించాడు. చెరువు ఆసామి సీడు వేయడం ఆపాడు. షెడ్డు మేస్త్రీ "రేపు రావద్దు" అన్నాడు. దెబ్బ ఒక్కొక్క మెట్టే దిగుతూ వచ్చి అట్టడుగు మెట్టు మీద ఆగింది. ఆ మెట్టు మీద మనమున్నాం. ఎగుమతిదారుకు పై మెట్టుంది, ఆసామికి పక్క మెట్టుంది. మన కింద మెట్టు లేదు.

ఆ రెండో 25 శాతం దేనికి వేశారో తెలుసా? మన దేశం రష్యా దగ్గర చమురు కొన్నదని. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా చమురు చవకగా దొరికింది. అంతకు ముందు మన దిగుమతుల్లో నూటికి రెండు పాళ్లు కూడా సరిగా లేని ఆ చమురు, రెండేళ్లలో మూడోవంతు దాటింది. రిఫైనరీలు లాభం చేసుకున్నాయి. ఆ చవక అవనిగడ్డ బంకు దాకా వచ్చిందా? ఆటోవాడు చార్జీ తగ్గించాడా? లాభం తిన్నవాళ్లు వేరు, జరిమానా కట్టినవాళ్లు వేరు. రెండు దేశాల సంబంధాలంటే మనకు తెలిసిన అర్థం ఇదీ!

2026 ఫిబ్రవరిలో సుంకం 18 శాతానికి తగ్గిస్తున్నట్టు రెండు సర్కార్లూ ప్రకటించాయి. సంతోషమే. అయితే ఒకటి అడుగుదాం. సుంకం పెరిగిందని కోసిన పనిదినాలు, సుంకం తగ్గితే తిరిగి ఇస్తారా? పెరిగేటప్పుడు మన నెత్తిన వేసిన లెక్క, తగ్గేటప్పుడు కూడా మన చేతికి రావాలి కదా!

దేశం మహా వేగంగా పెరుగుతోందంటున్నారు. 2024-25కి పెరుగుదల 6.5 శాతమని సర్కారు అప్పట్లో లెక్క చెప్పింది. మేం కాదనం. పెరిగింది ఎవరిదని అడుగుతున్నాం. ఈ పెరుగుదలకు 1991 జూలై 24 బడ్జెటుతో పునాది వేశామంటారు. ఆ బడ్జెటు చదివిన పదమూడో రోజున, ఆగస్టు 6న, ఈ కృష్ణకు ఆవలి గట్టున చుండూరులో మనవాళ్లను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. బజారు తలుపులు తెరుచుకున్న ఏడాదే కులం కత్తి నూరింది. బజారు వస్తే కులం పోతుందన్నవాళ్లకు అదే జవాబు.

బాబాసాహెబును రాజ్యాంగం రాసిన మనిషిగానే చూపిస్తారు. ఆయన 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాసిన అర్థశాస్త్రవేత్త. రూపాయి విలువ పడితే ఎగుమతి వ్యాపారికి లాభం, కూలివాడికి నష్టం అని ఆయన విడమరిచాడు. ఎందుకంటే సరుకుల ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనక నడుస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాయే వ్యాపారి లాభం. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. రూపాయి పడితే ఎగుమతికి మంచిదేనని పేపర్లు రాశాయి. నూనె ప్యాకెట్టు కొనే మన అక్కకు ఏం మంచిదో ఒక్క పేపరూ రాయలేదు. నూరేళ్ల కిందటి మాట ఇవాళ మన వంటింట్లో నిజమైంది.

ఇక మన దివిసీమ సంగతి. 1977 నవంబరు 19 ఉప్పెనలో పోయినవాళ్లలో పల్లపు గుడిసెల్లో బతికిన మనవాళ్లు, మత్స్యకారులు ఎందరో! ఆ ఏడే ఎసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టమూ వచ్చింది. పేదకిచ్చిన డి-పట్టా భూమి చేయి మారకూడదని ఆ చట్టం. మారలేదా? పట్టా మన పేరునే ఉంటుంది, గట్టు ఆసామిది, చెరువు ఆసామిది, మనకు కౌలు పేరిట నాలుగు నోట్లు. సొంత భూమి గట్టు మీద మనమే కాపలా కూలీలం! వరి ఉన్నప్పుడు ఊడ్పు ఉండేది, కలుపు ఉండేది, కోత ఉండేది, పరిగె ఏరుకునే హక్కు ఉండేది. చెరువు తవ్వాక ఆడవాళ్ల పని పోయింది, బోరులో తియ్యనీళ్లు పోయాయి.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. తీరం దగ్గరి రొయ్యల చెరువులు తీసేయాలంది. పంటభూములను చెరువులుగా మార్చొద్దంది. మూతపడిన చోట్ల పనిచేసిన కూలీలకు ఆరేళ్ల జీతం అదనపు పరిహారంగా ఇవ్వాలంది. ఆరేళ్ల జీతం! ఆ మాట మన పేటలో ఎవరైనా చెప్పారా? చెప్పలేదు. 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వా చట్టం చేసి చెరువులకు దారి తెరిచింది. ఆసామికి చట్టం నడిచొచ్చింది, మనకు తీర్పు నడిచి రాలేదు.

చెరువులన్నీ రేపే పూడ్చమని మేం అనటం లేదు. పూడిస్తే ఇవాళ్టి కూడు కూడా పోతుందని మాకు తెలుసు. 2025 నవంబరులో కేంద్రం ఎగుమతుల ప్రోత్సాహానికి 25,060 కోట్ల పథకం ఒప్పుకుంది. బ్రిటన్‌తో 2025 జూలై 24న ఒప్పందం చేసుకుంది. కొత్త బజార్లు వస్తాయి, రానివ్వండి. మనం అడిగేవి నాలుగే.

ఒకటి, షెడ్డులో రొయ్య ఒలిచే ప్రతి అక్క పేరు రిజిస్టరులో ఎక్కాలి. పేరు లేనివాళ్లకు ఏ తీర్పూ పరిహారం ఇప్పించలేదు. రెండు, సర్కారు సాయం తీసుకునే ప్రతి కంపెనీ పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన రసీదు చూపాలి. మూడు, పని ఆగిన రోజులకు సాయంలో కూలివాటా కావాలి. నాలుగు, డి-పట్టా భూముల్లో చెరువులు ఎవరివో గ్రామసభలో సర్వే నంబరు వారీగా చదవాలి.

ముందు ఒక పని మన చేతిలో ఉంది. ఈ రాత్రి నుంచే ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎన్ని రోజులు పని, ఎన్ని కిలోలు ఒలిచాం, ఎంత ఇచ్చారు, ఎవరిచ్చారు, అంతా రాయండి. రాయలేని అమ్మకు బడికెళ్లే పిల్ల రాసిపెట్టాలి. వాళ్ల లెక్క ఓడల్లో ఉంది. మన లెక్క మన ఇంట్లో లేకపోతే రేపు మనం పనిచేశామనే రుజువు కూడా ఉండదు.

చదువుదాం, లెక్కరాద్దాం, లెక్క అడుగుదాం. జైభీమ్!