ప్రోగ్రెసివ్ రాక్: లయ నడిపిన దారి



ఎవరి పేరిట ఇవాళ ఇక్కడ చేరామో ఆ మాస్టారు జీవితమంతా మృదంగం నేర్పారు. అందుకే ప్రోగ్రెసివ్ రాక్ కథను లయ వైపు నుంచి చెబుతాను. పాట నిడివి, గిటారు వేగం పైపై మెరుగులే. ఈ సంగీతం పాతబడినప్పుడల్లా దానికి ఊపిరి పోసింది లయేనని నా నమ్మకం.

1969లో ఇంగ్లండ్‌లో కింగ్ క్రిమ్సన్ బృందం తొలి ఆల్బం వచ్చింది. ఆ తర్వాత యెస్, జెనిసిస్ బృందాలు రికార్డులో ఒక పక్కనంతా దాదాపు ఒకే పాటతో నింపాయి. 1973లో పింక్ ఫ్లాయిడ్ 'మనీ' పాటను ఏడు దెబ్బల మీద నడిపింది. మిశ్రం ఎరిగిన చేతికి అది పరాయిది కాదు. దశాబ్దం ముగిసేలోగా పొట్టి పాటల పంక్ రాక్ వచ్చి ఈ ఆడంబరాన్ని వెనక్కి నెట్టింది. అందులో న్యాయం లేకపోలేదు.

1981లో కింగ్ క్రిమ్సన్ 'డిసిప్లిన్'తో తిరిగొచ్చింది. 'ఫ్రేమ్ బై ఫ్రేమ్'లో రాబర్ట్ ఫ్రిప్, ఏడ్రియన్ బెల్యూ గిటార్లు ఒకే వరసతో బయల్దేరతాయి. ఆపైన ఒకటి ఆవృత్తికో స్వరం వదిలేస్తుంది. రెండూ అంగుళం అంగుళం దూరమై, మళ్ళీ కలుస్తాయి. ఆధునిక ప్రోగ్రెసివ్ రాక్ నాకు అక్కడే మొదలవుతుంది.

ఈ విడిపోయి కలిసే లెక్కను అంచుదాకా తీసుకెళ్ళింది స్వీడన్ బృందం మెషుగా. 2002 నాటి 'రేషనల్ గేజ్' పాట మొదట్లో డ్రమ్మర్ టోమస్ హాకే చేయి నాలుగు దెబ్బల తాళం నిలుపుతుంది. కాళ్ళు మాత్రం గిటారుతో పోతాయి. గిటారు పలుకు నిడివి 25 మాత్రలు. అయిదుసార్లు తిరిగితే 125. నాలుగు దెబ్బల తాళం ఎనిమిది ఆవర్తాలకు, దెబ్బకు నాలుగు మాత్రల చొప్పున, 128 కావాలి. మిగిలిన మూడు మాత్రలకు చిన్న ముక్క అతికించి సమం అందుకుంటారు. మన ముక్తాయింపులో లెక్క పాట ఎత్తుకునే చోటికి, అంటే ఎడుపుకు, చక్కగా దిగుతుంది. వీళ్ళు అతుకును దాచరు. ఆ మొరటుదనమే దాని బలం.

అమెరికా బృందం టూల్ 2001లో 'లాటరలస్' చేసింది. పల్లవిలో దెబ్బలు 9, 8, 7గా తగ్గుతాయి. చరణం మొదట్లో అక్షరాలు 1, 1, 2, 3, 5, 8గా పెరుగుతాయి. వీటిని ఫిబొనాచ్చి సంఖ్యలంటారు గానీ, ఛందస్సులో లఘుగురువుల పేర్పులు లెక్కగడుతూ హేమచంద్రుడు 12వ శతాబ్దంలోనే ఇవి చెప్పాడు.

తర్వాతి తరం ఇంట్లోనే కంప్యూటర్ మీద రికార్డు చేయడం మరిగింది. నైపుణ్యం బోలెడు. లెక్క మాత్రమే వినిపించి పాట వినిపించనివీ అందులో చాలా ఉన్నాయి.

ఈ సభలో మృదంగం నేర్చుకుంటున్న పిల్లలున్నారు. మీకొక మాట. 'రేషనల్ గేజ్' పెట్టుకుని, గిటారు వెంట పోకుండా, చేత్తో నాలుగు దెబ్బల తాళం వదలకుండా వేసి చూడండి. తప్పితే మళ్ళీ మొదలుపెట్టండి.