తెర కన్నా ముందు పని

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. ఈ సభలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లున్నారు, మీసేవ కేంద్రం నడిపేవాళ్లున్నారు, రెవెన్యూ ఉద్యోగులున్నారు, వ్యవసాయం చేసుకునేవాళ్లున్నారు. ఈ నలుగురూ కలిసే చోటు ఒకటుంది. అది కంప్యూటర్ తెర. దాన్నే మా వృత్తిలో ఇంటర్‌ఫేస్ అంటాం. ఆ తెర మీద ఏ గడి ఉండాలి, ఏ బటన్ ఉండాలి అని గీయకముందే, మనిషి ఏ పని మీద వచ్చాడో, ఆ పనికి ఏమేం కావాలో రాసుకోవాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఏటీఎం సంగతి చూడండి. మనం పోయేది పైసల కోసం. పైసలు చేతికి రాగానే మన మనసులో పని అయిపోయినట్టే. యంత్రం ముందు పైసలిచ్చి తర్వాత కార్డు ఇస్తే, చాలామంది కార్డు మరిచి వెళ్లిపోతారు. అందుకే చాలా యంత్రాలు కార్డు తీసుకున్నాకే పైసలిస్తాయి. ఇక్కడ మార్చింది రంగులు కాదు, అక్షరాల సైజు కాదు. మనిషి దృష్టిలో పని ఎక్కడ ముగుస్తుందో గమనించి, దాని ప్రకారం వరుస మార్చారు.

ఇలా పనిని విడదీసి రాసే పద్ధతిని 1967లో ఆనెట్, డంకన్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో వివరించారు. పైన లక్ష్యం రాయాలి. దాని కింద చిన్న పనులు రాయాలి. ఏది ముందు, ఏది వెనుక, ఏది ఎప్పుడు అవసరం లేదు అనేది పక్కన రాయాలి. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ దగ్గర ఒకేసారి జరిగే వీలు కలిగింది. అది చిన్న మేలు కాదు. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ ఒప్పుకొని, రికార్డు సాఫీగా ఉన్నచోట పని తొందరగా అయింది. చిక్కు వచ్చింది రికార్డు సాఫీగా లేనిచోట.

రైతు ఏమంటాడు? "నాకు నాలుగెకరాలుండాలె, బుక్కుల మూడెకరాల పది గుంటలే పడ్డది" అంటాడు. "మా నాయిన పోయిండు, మా ఇద్దరన్నదమ్ముల పేరు మీద కావాలె" అంటాడు. తెర మాత్రం మాడ్యూళ్ల పేర్లు చూపించింది. సమస్య వచ్చినప్పుడల్లా ఒక మాడ్యూల్ చేరుతూ, వాటి నంబర్లు 33 దాకా పోయాయి. పాస్‌బుక్ సవరణలకు పెట్టిన టీఎం 33 పేరు ఊరూరా తెలిసిపోయింది. తన కష్టాన్ని ఏ నంబర్ కింద చెప్పుకోవాలో వెతకడమే రైతుకు ఇంకో కష్టమైంది.

దీనిలో మూడు పాఠాలున్నాయి.

మొదటిది, తెర తాకే మనిషి వేరు, పని ఉన్న మనిషి వేరు. చాలా ఊళ్లలో రైతు చెబుతుంటే మీసేవ ఆపరేటర్ టైప్ చేస్తాడు. కాబట్టి ఇద్దరి పనీ రాయాలి. ఆపరేటర్‌కు వేగం కావాలి. రైతుకు తన పేరిట ఏం పోయిందో తెలియాలి, దరఖాస్తు ఏ టేబుల్ మీద ఉందో తెలియాలి, తిరస్కరిస్తే ఎందుకో తెలుగులో తెలియాలి. ఆపరేటర్‌ను ఒక్కడినే చూసి తెర గీస్తే రైతు అవసరాలు కాగితం మీదికే రావు.

రెండోది, గడి లేకపోతే మనిషే కనపడడు. పాత పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు కాలమ్ కూడా ఉండేది. ధరణి రికార్డులో అది లేకుండా పోయింది. కౌలుకు చేసేవాడు భూమి మీద ఉన్నా, తెర మీద లేకుండా పోయాడు. అది మంచిదా కాదా అని వాదించుకోవచ్చు. కానీ ఒక కాలమ్ తీసేయడం డిజైన్ పని మాత్రమే కాదని, అది ఒకరి బతుకు మీద నిర్ణయమని మాత్రం తెలిసి ఉండాలి.

మూడోది, వంకర కేసులను మొదటే రాయాలి. మన కొల్లాపూర్ ప్రాంతంలో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కింద ఊళ్లు, పొలాలు పోయాయి. ఒక సర్వే నంబరులో కొంత ప్రభుత్వం తీసుకొని కొంత రైతుకు మిగిలిందనుకోండి. తెరకు సర్వే నంబరు ఒక్కటే తెలిస్తే, మిగిలిన భూమి కూడా నిషేధిత జాబితాలోకి పోతుంది. ఇలాంటి ఫిర్యాదులు రాష్ట్రమంతటా వచ్చాయి. సాదా బైనామాలదీ అంతే. తెల్లకాగితం మీద కొని ఏండ్లుగా దున్నుకుంటున్నవాళ్లు 2020లో లక్షల్లో దరఖాస్తు పెట్టారు. కొత్త చట్టంలో దారి లేక అవి ఆగిపోయాయి. చట్టంలో లేని దారిని తెర చూపలేదు. కానీ పనుల జాబితా ముందే రాసి ఉంటే, చట్టం రాసేవాళ్ల ముందుకే ఆ లోటు వచ్చేది.

2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. మాడ్యూళ్లను ఆరుకు తగ్గిస్తున్నామని ప్రభుత్వం చెప్పింది. జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెట్టి ఊళ్లలోనే కాగితాల మీద దరఖాస్తులు తీసుకున్నారు. నాకు ఆరు అనే సంఖ్య కన్నా ఆ కాగితాలే విలువైనవిగా తోస్తాయి. వాటిలో రైతు తన పనిని తన మాటల్లో చెప్పుకున్నాడు. తలుపులు తగ్గితే సరిపోదు, రైతు మాట ఏ తలుపు దగ్గరికి పోవాలో తెలియాలి.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. తెర గీసేముందు ఒక రోజు మీసేవ కేంద్రంలో కూర్చోండి. వచ్చినవాళ్ల మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి. మీరు తయారుచేసిన తెరను ఆ వాక్యాలతోనే పరీక్షించండి. ఊళ్లో ఉన్న మిత్రులకూ ఒక మాట. మాకు కంప్యూటర్ రాదని వెనక్కి తగ్గకండి. విరాసత్ ఎట్ల జరుగుతుందో, హద్దు తగాదా ఎక్కడ మొదలవుతుందో మీకు తెలిసినంత మాకు తెలియదు. మీ దగ్గరున్నది పని, మా దగ్గరున్నది పనిముట్టు.

ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. ఫోన్ చేస్తే పలికే దూరంలోనే ఉన్నాం. ఈ సంఘం ఆ రెండు చేతులనూ కలపాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.