పలక, బలపము, పాట

(డయోసీసు శతజయంతి ఉత్సవముల సందర్భమున ఉపాధ్యాయుల, తలిదండ్రుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి అనగానే మన నోటికి ముందు పాట వస్తుంది. ఈ నాలుగు రోజులుగా మన గాయక బృందములు పాడుతున్నవి, పిల్లలు పాడుతున్నారు, వృద్ధులు కూడ పాడుతున్నారు. అయితే సోమవారము ఉదయము ఈ పిల్లలే బడికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్న తరువాత వారి పాట ఏమవుతున్నది? దీనిని గురించియే నేడు మీతో మాట్లాడదలచినాను. "నిత్యము జరిగే తరగతిలో సంగీతము" అన్నది నాకిచ్చిన అంశము.

మన బడులలో సంగీతము లేదని ఎవరును అనలేరు. వార్షికోత్సవమున్నది, స్వాతంత్ర్య దినోత్సవమున్నది, క్రిస్మస్ కార్యక్రమమున్నది. ఆ రోజులకు నెల ముందుగా కంఠము బాగున్న పదిమంది పిల్లలను ఏరి, మధ్యాహ్నపు పీరియడ్లు మాన్పించి సాధన చేయిస్తాము. మిగిలిన నలుబదిమంది కిటికీలోనుండి చూస్తారు. కార్యక్రమము అయిపోగానే హార్మోనియము పెట్టెలోకి, పెట్టె బీరువాలోకి వెళ్తుంది. ఇది సంగీత ప్రదర్శనము, సంగీత విద్య కాదు. నేను చెప్పదలచినది ఒకటే మాట: ప్రతి తరగతిలో, ప్రతి దినము, ప్రతి పిల్లవాడును అయిదు నిమిషములు పాడవలెను. పాడించవలసినవారు వేరే సంగీతము మాష్టారు కాదు, ఆ తరగతి పంతులుగారే, పంతులమ్మగారే.

ఇది కొత్త సంగతి కాదు. మన తాతల కాలపు వీధిబడిలో ఎక్కాలు, గుణింతాలు, నెలల పేర్లు, తిథుల పేర్లు అన్నియు రాగము తీసియే చెప్పించేవారు. ఆడపిల్లలు చెమ్మచెక్క ఆడినా, ఒప్పులకుప్ప తిరిగినా అడుగుకు, చప్పట్టుకు పాట తోడుండేది. కర్ణాటక సంగీతమున పిల్లలకు మొట్టమొదట మాయామాళవగౌళ రాగములో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు నేర్పే పద్ధతిని పదునారవ శతాబ్దివారైన పురందరదాసులవారు ఏర్పరచినారని పెద్దలు చెప్తారు. సులువైన దానితో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే ఎక్కించుట ఆ పద్ధతిలోని గొప్ప. మంచి ఉపాధ్యాయుడు లెక్కలు చెప్పినా చేసే పని అదియే గదా!

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమునే తీసికొనండి. కీర్తన పైభాగమున రాగము, తాళము పేర్లు అచ్చు వేసియుంటవి. పురుషోత్తమ చౌదరిగారివంటి కవులు ఈ దేశపు రాగతాళములలో కీర్తనలు కట్టుటచేతనే చదువు రానివారి నాలుక మీద కూడ అవి నిలిచినవి. అయినను "ఆది తాళము" అని అచ్చులో చూచి, అది నాలుగు, రెండు, రెండు కలిసిన ఎనిమిది అక్షరముల లెక్క అని చెప్పగల పిల్లలు మన సంఘములలో ఎందరున్నారు?

ఇక్కడ ఉపాధ్యాయులు నన్ను ఆపి, "అయ్యా, నాకు పాట రాదే!" అంటారు. ఎక్కడికి వెళ్ళినా ముందు వినిపించే మాట ఇదే. వారికి జాన్ కర్వెన్ అనే ఇంగ్లండు బోధకుని సంగతి చెప్తాను. 1841లో హల్ పట్టణమున జరిగిన ఆదివార పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశమువారు పిల్లలకు పాట నేర్పుటకు సులభమైన మార్గము వెదకుమని ఆయనను కోరినారు. ఆయన సంగీత విద్వాంసుడు కాడు. నార్విచ్ పట్టణమున సారా గ్లోవర్ అను ఉపాధ్యాయురాలు తన బడి పిల్లలకొరకు కల్పించుకొనిన స్వరాక్షరముల పద్ధతిని ఆయన తీసికొని, ముందు తాను నేర్చుకొని, తరువాత సరిదిద్ది, దేశమంతట వ్యాపింపజేసినాడు. టానిక్ సోల్-ఫా అని పేరు పొందినది అదియే. తరువాతి కాలమున హంగేరీ దేశపు సంగీతకర్త కొడాయ్ తన బోధనా పద్ధతిలో కర్వెన్‌గారి చేతి సంజ్ఞలను స్వీకరించినాడు. రానివాడు నేర్చుకొని నేర్పినాడు గనుకనే రానివారికి ఎక్కడ కష్టమో ఆయనకు తెలిసినది.

కావున కంఠము లేదని వెనుదీయవలదు. చప్పట్టు కొట్టగలిగితే చాలును, సగము సంగీతము వచ్చినట్లే. తరగతిలో పాడగల పిల్ల ఒకతె తప్పక ఉంటుంది. ఆమె ఎత్తుకుంటే మీరు తాళము వేయండి. అయితే సెల్‌ఫోనులో పాట పెట్టి బల్లమీద ఉంచి, పిల్లలను వినమని మీరు హాజరు పట్టీ వ్రాసుకొనుట మాత్రము వద్దు. ఫోను పాడుతుంది గాని పిల్లవాని తప్పు వినదు, వాని ముఖము చూడదు.

ఇక పాఠములోనికి పాటను ఎట్లు తేవలెనో కొన్ని ఉదాహరణలు చెప్తాను.

మొదట తెలుగు. ఉక్తలేఖనములో పిల్లలు దీర్ఘములు, ఒత్తులు వదలివేస్తారని మనమందరము మొత్తుకుంటాము. ఎర్ర సిరాతో దిద్దుటకు ముందు చెవితో దిద్ది చూడండి. హ్రస్వమునకు ఒక చప్పట్టు, దీర్ఘమునకు రెండు. "కల" అంటే రెండు చప్పట్లు, "కాల" అంటే మూడు. "కల్ల" అన్నప్పుడు ఒత్తు ముందరి అక్షరము బరువెక్కుతుంది గనుక అప్పుడును మూడే. వారము దినములు ఈ ఆట ఆడినవాడు పై తరగతికి వచ్చి గురులఘువులను చూచి భయపడడు. సుమతి శతక పద్యములు కందములు. కందములో ప్రతి గణమునకు నాలుగు మాత్రలు. మొదటి పాదమున మూడు గణములు, రెండవ పాదమున అయిదు. పిల్లలను నాలుగేసి లెక్కతో తాళము వేయుచు పద్యము చదువమనండి. మొదటి పాదము 12, రెండవది 20, పద్యమంతయు 64 మాత్రలని వారే లెక్కించి చెప్తారు. తెలుగు పాఠములోనే లెక్కల పాఠము కూడ అయిపోయినది!

లెక్కలలో కనిష్ఠ సామాన్య గుణిజము పిల్లలకు కొరుకుడు పడని పాఠము. తరగతిని రెండు వరుసలు చేయండి. మీరు ఒకటి, రెండు అని లెక్క చెప్పండి. ఒక వరుసవారు 3, 6, 9 మీద, రెండవ వరుసవారు 4, 8 మీద చప్పట్లు కొట్టవలెను. 12 దగ్గరకు రాగానే రెండు వరుసలును ఒక్కసారి మ్రోగుతవి. మరల 24 దగ్గర. ఆ మ్రోత విన్న పిల్లవానికి క.సా.గు. అనగా ఏమిటో సూత్రము అక్కరలేకనే అర్థమవుతుంది. భిన్నములకును ఇట్లే. ఒక దెబ్బకు ఒక అక్షరము, అదే దెబ్బలో రెండు, అదే దెబ్బలో నాలుగు. సంగీతమువారు వీనిని మూడు కాలములంటారు. లెక్కలవారు ఒకటి, సగము, పాతిక అంటారు.

విజ్ఞానశాస్త్రములో ధ్వని పాఠము వచ్చినప్పుడు నాలుగు గాజు సీసాలు, కొంచెము నీరు ఉంటే చాలును. సీసాలలో వేర్వేరు ఎత్తులకు నీరు పోసి గరిటెతో తట్టండి. నీరెక్కువయినకొలది స్వరము క్రిందికి దిగుతుంది. అవే సీసాల మూతుల మీద ఊదండి. ఇప్పుడు నీరెక్కువయినకొలది స్వరము పైకి పోతుంది! ఎందుకని అడిగి ఊరకుండండి, తొందరపడి చెప్పవలదు. తట్టినప్పుడు కదలునది గాజు, నీరు; ఊదినప్పుడు కదలునది లోపలి గాలి అని తేల్చుకొనుటకు తరగతి అంతయు వాదులాడుకొంటుంది. ఆ వాదులాటయే విజ్ఞానము.

సాంఘికశాస్త్రములో బొబ్బిలి వీణ ఉన్నది. పనస చెక్కతో చేసే ఆ వీణ వెనుక అడవి ఉన్నది, చేతిపని ఉన్నది, కుటుంబములున్నవి. దినదినము మన పిల్లలు పాడే జాతీయగీతమున్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరుగారు మదనపల్లెలో ఉండి ఆ గీతమును ఆంగ్లములోనికి అనువదించినారు. అక్కడి కళాశాల ప్రిన్సిపాలుగారి భార్య మార్గరెట్ కజిన్స్‌గారు దాని స్వరములు వ్రాయుటలో తోడ్పడినారు. 1950 జనవరి 24న అది జాతీయగీతమయినది. 52 సెకనులు పాడే పాట వెనుక మన జిల్లాల చరిత్ర కూడ ఉన్నదని తెలిసిన పిల్లవాడు రేపు ఉదయము మరి కొంచెము నిటారుగా నిలబడతాడు.

ఇంత చెప్పినాను గనుక హెచ్చరికలు కూడ చెప్పవలెను.

మొదటిది. పాట తలుపే గాని ఇల్లు కాదు. ఏడవ ఎక్కము రాగము తీసి అప్పగించిన పిల్లను మధ్యలో ఆపి "ఏడెనిమిదులు ఎంత?" అని అడిగితే, మొదటినుండి మరల ఎత్తుకొని పాడుకొంటూ అక్కడికి వచ్చుట మీరు చూచే ఉంటారు. ఆమెకు పాట వచ్చినది, ఎక్కము రాలేదు. కావున ప్రతి పాట తరువాత ఒక ప్రశ్న ఉండవలెను. ఏడుగురు పిల్లలకు ఎనిమిదేసి చింతగింజలు పంచి చూడమనవలెను. అర్థము లేని కంఠస్థమునకు రాగము తొడిగితే అది మరింత మొండిదవుతుంది.

రెండవది. సంగీతము వింటే పిల్లల తెలివి పెరుగుతుందని పత్రికలలో చదివి కొందరు తలిదండ్రులు ఆశపడుతున్నారు. 1993లో అమెరికాలో 36 మంది కళాశాల విద్యార్థులకు మోజార్ట్ సంగీతము వినిపించి చేసిన పరీక్షనుండి ఈ మాట పుట్టినది. అందులో కనిపించిన ఫలితము ఒక్క రకపు ప్రశ్నలలోనే, అదియు కొద్ది నిమిషములసేపే. తరువాతి పరిశోధనలు ఆ పెద్ద ఆశను బలపరచలేదు. కావున మార్కుల కొరకు పాట అనవద్దు. పిల్లవాడు మనిషి గనుక పాట వానికి కావలెను.

మూడవది. మన బడులలో అన్ని మతముల పిల్లలు చదువుతున్నారు. ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏ విద్యాసంస్థలోనైనను మతబోధకు, ఆరాధనకు పిల్లలను వారి సమ్మతి లేక, చిన్నవారైతే పెద్దల సమ్మతి లేక హాజరుపరచరాదని మన రాజ్యాంగము 28వ అధికరణము చెప్తున్నది. కేరళలో తమ విశ్వాసము ఒప్పుకొనదని జాతీయగీతము పాడక గౌరవముగా నిలబడిన ముగ్గురు పిల్లలను బడినుండి తీసివేయగా, అది తగదని 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తరగతి పాటలు వర్షము గురించి, చెట్టు గురించి, అమ్మ గురించి, పని గురించి ఉండవచ్చును. నాటు వేసేటప్పుడు ఆ పిల్లల తల్లులు పాడే పాటలే ఉండవచ్చును. ఏ పిల్లవానికిని "ఈ పాటలో నా ఇంటికి చోటు లేదు" అనిపించరాదు.

ఇప్పుడు నా మనస్సుకు దగ్గరైన సంగతికి వస్తాను. ప్రతి తరగతిలో చివరి బెంచీ మీద ఒక మూగనోము పిల్లవాడుంటాడు. చదువమంటే నత్తి వస్తుంది, తోటివారు నవ్వుతారు, మరునాడు వానికి కడుపునొప్పి. అటువంటి పిల్లలలో చాలమంది పదిమందితో కలిసి పాడునప్పుడు తడబడరు. నలుగురితో గొంతు కలిపినప్పుడు వాని మాట వానికే వినిపిస్తుంది. ఆ ధైర్యముతో రేపు ఒక వాక్యము, ఎల్లుండి ఒక పేరా చదువుతాడు. చదువు రాని పిల్ల, ఇంట మరొక భాష మాట్లాడుకొనే పిల్ల, కొత్తగా చేరిన పిల్ల, వీరందరికిని తరగతిలో మొదటి చోటు పాటలోనే దొరుకుతుంది. అందుచేతనే నేను భయపడే మాట ఒకటి ఉన్నది: "నీకు శ్రుతి లేదు, నోరు మూసుకో." ఎనిమిదేండ్ల వయస్సులో ఈ మాట విన్నవారు అరువది ఏండ్లు వచ్చినా గుడిలో, పెండ్లిలో, పొలములో పెదవులు కదల్చక నిలబడతారు. శ్రుతి చాలమందికి విని విని వస్తుంది. పదమూడేండ్ల మగపిల్లవాని గొంతు మారుతూ కీచుమంటే అది తప్పు కాదు, ఎదుగుదల. నోరు మూయించే అధికారము మనకెవ్వరును ఇవ్వలేదు.

తలిదండ్రులకును సంఘస్థులకును మూడు మనవులు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము 6 నుండి 8 తరగతులలో పిల్లల సంఖ్య 100 దాటిన బడిలో కళావిద్యకు పార్ట్‌టైము బోధకులుండవలెను. మీ బడిలో ఉన్నారా అని అడగండి. రెండవది, మన గాయక బృందముల హార్మోనియములు, డోలకులు వారమునకు ఆరు దినములు ఊరకే ఉంటున్నవి. వాటిని బుధవారము ఒక గంట బడికి పంపండి, వాయించేవారిని తోడిచ్చి పంపండి. మూడవది, ఇంటిలో అమ్మమ్మకు, నాయనమ్మకు వచ్చిన పాటలను పిల్లలచేత వ్రాయించండి. వ్రాత నేర్చుకొన్నట్లును అవుతుంది, పాట నిలిచినట్లును అవుతుంది.

ఉపాధ్యాయులకు నా మనవి ఇంకను చిన్నది. వచ్చే సోమవారము హాజరు పిలిచిన తరువాత పుస్తకము తెరువక ముందు అయిదు నిమిషములు పాడించండి. మరునాడు అదే పాట, మూడవనాడు దానిలోనుండి ఒక ప్రశ్న. నెల తిరిగేసరికి చివరి బెంచీ వైపు ఒకసారి చెవియొగ్గండి. అక్కడ వినవచ్చే గొంతు బాగుగా ఉన్నదా లేదా అని చూడకండి, ఉన్నదా లేదా అనియే చూడండి.