ఒంటరి వృద్ధులకు ఇంటి ఆసరా

హైదరాబాదులోని రహమత్ నగర్ వంటి ఇరుకు గల్లీల బస్తీల్లో, పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళాక పగలంతా ఒంటరిగా గడిపే వృద్ధులకు తోడ్పడే సాధనాలలో ముఖ్యమైనది సెన్సర్, అనగా పరిసరాల్లోని మార్పును పసిగట్టి సంకేతం పంపే పరికరం. ఒంటి వేడి నుంచి వెలువడే పరారుణ కిరణాల ఆధారంగా కదలికను గుర్తించే సెన్సర్‌ను మంచం పక్కన అమర్చితే, రాత్రివేళ కాలు కింద పెట్టగానే బాత్‌రూమ్ దాకా లైట్లు వెలుగుతాయి. కెమెరా అవసరం లేదు గనుక గోప్యతకు భంగం కలగదు. సిలిండరులో వచ్చే వంటగ్యాసు గాలికంటే బరువైనది కాబట్టి లీకైనప్పుడు నేలమట్టాన పేరుకుంటుంది. అందుచేత దానిని గుర్తించే పరికరాన్ని పొయ్యి గట్టుకు దిగువన, నేలకు అడుగులోపు ఎత్తులో బిగించాలి. పడిపోవడాన్ని గుర్తించే చేతి గడియారం, అకస్మాత్తు కుదుపును, ఆ తరువాతి నిశ్చలతను కొలిచి, ముందుగా నమోదు చేసిన నంబరుకు కబురు పంపుతుంది. కరెంటు పోతే వైఫైపై ఆధారపడే పరికరాలు మూగబోతాయి కాబట్టి రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలపడం అవసరం. యంత్రం కబురు చెబుతుందే గాని చేయి పట్టి లేపదు. అందువల్ల 2017లో టాటా ట్రస్టులు, విజయవాహిని సంస్థ హైదరాబాదులో ప్రారంభించగా తరువాత దేశమంతటా విస్తరించిన వృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్ 14567, అంబులెన్సు 108, పొరుగింటివారి నంబరు వృద్ధుల ఫోనులో సులభంగా అందేలా ఉంచాలి.